వారానికి 3 గంటల కరాటేలో కిహోన్‌కు ఎంత, కటాకు ఎంత, కుమితేకు ఎంత?

ప్రశ్న
(మల్కాజిగిరి నుంచి, షోటోకాన్ శైలి కరాటేలో మొదటి డాన్, అంటే బ్లాక్ బెల్టులో మొదటి మెట్టు)

అందరికీ నమస్కారం. మా కాలనీ కమ్యూనిటీ హాలులో మంగళ, గురు, శనివారాల్లో సాయంత్రం 6 నుంచి 7 వరకు కరాటే క్లాసు జరుగుతుంది. ఎన్నో ఏళ్లు దాన్ని నడిపిన మా మాస్టారు కుటుంబ కారణాల వల్ల వేరే ఊరికి వెళ్తూ, పిల్లలు చెదిరిపోకూడదని క్లాసును నాకు అప్పగించారు. ఇప్పటికి ఎనిమిది నెలలయింది. వరుసలో నిలబడి పంచ్‌లు లెక్కపెట్టుకున్న రోజుల్లో ఎంతకూ తరగని గంట, వరుసకు ఎదురుగా నిలబడేసరికి కళ్లముందే కరిగిపోతోంది.

మొత్తం 24 మంది వస్తారు. వారిలో 15 మంది 7 నుంచి 13 ఏళ్ల పిల్లలు, మిగిలిన 9 మంది ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లు. హాలు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. మా మాస్టారి పద్ధతినే నేనూ పాటిస్తున్నాను: నమస్కారానికి, హాజరుకు 5 నిమిషాలు, వార్మప్‌కు 12, కిహోన్‌కు (పంచ్, కిక్ వంటి ప్రాథమిక కదలికల సాధన) 15, కటాకు (ఒంటరిగా చేసే నిర్ణీత కదలికల వరుస) 15, కుమితేకు (ఎదురెదురుగా నిలబడి తలపడటం) 10, చివర ఒళ్లు సాగదీయడానికి 3. కాగితం మీద చూస్తే ఎవరికీ అన్యాయం జరగనట్టే ఉంటుంది గానీ, హాలులో చూస్తే ఏ ఒక్కటీ ఒక కొలిక్కి రావడం లేదు.

ఇటీవల మూడు సంగతులు నన్ను ఆలోచనలో పడేశాయి. మొదటిది, హేయాన్ షోదాన్ అనే తొలి కటాను క్లాసులో అందరికంటే శుభ్రంగా చేసే పదకొండేళ్ల అబ్బాయి ఒక పోటీలో కుమితేకు దిగి, ఎదుటివాడు రెండడుగులు ముందుకు వేయగానే కొయ్యబారిపోయాడు. రెండవది, పెద్దవాళ్లలో ఒకావిడ క్లాసు అయిపోయాక నాతో, "ఆత్మరక్షణ కోసమని చేరాను మాస్టారూ, ఎనిమిది నెలల్లో ఇంతవరకు నా చెయ్యి ఒక్కరు కూడా పట్టుకోలేదు" అన్నారు. మూడవది, ఒక తండ్రి గారు తమ అబ్బాయి కాలు ఇంకా తల ఎత్తుకు లేవడం లేదని, ఒళ్లు వంగే వ్యాయామాలకు సమయం పెంచమని అడిగారు. ముగ్గురూ న్యాయమైన మాటే చెప్పారు, కానీ ముగ్గురి మాటా వింటే నాకు గంటన్నర కావాలి, హాలు మాత్రం 7 గంటలకు యోగా వాళ్లకు అప్పగించి తీరాలి.

మంగళవారం కిహోన్, గురువారం కటా, శనివారం కుమితే అని రోజుకు ఒకటి చొప్పున విడదీసి ఒక నెల ప్రయత్నించాను. గురువారం రాలేని పిల్లలు రెండు వారాల పాటు కటా ముఖమే చూడలేదు. దేనిని తగ్గించాలో, దేనిని ఇంటికి పంపాలో, దేనిని ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకూడదో అనుభవజ్ఞులు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 1
(దిల్‌సుఖ్‌నగర్ నుంచి, 30 ఏళ్లకు పైగా షోటోకాన్)

బాబూ, ముందు మీ కుమితే 10 నిమిషాలను లెక్క కట్టి చూడండి. మీ మాస్టారు కూడా నా తరం వారే అయి ఉంటే, అందరినీ గోడ వారగా కూర్చోబెట్టి, ఒక్క జతను మధ్యలోకి పిలిచి ఆడించడమే ఆయన పద్ధతి అయి ఉంటుంది. ఒక్కో జతకు ఒక నిమిషం, నమస్కారానికీ మార్పులకూ మరో అర నిమిషం అనుకుంటే 10 నిమిషాల్లో 6 జతలే తేలతాయి, అంటే 12 మంది. ఆ లెక్కన ఒక్కో విద్యార్థికి రెండు క్లాసులకు ఒకసారి వంతు వస్తుంది. వారం మొత్తం మీద ఆ అబ్బాయి ఒక మనిషికి ఎదురుగా నిలబడింది ఒకటిన్నర నిమిషం. అంతటి అనుభవంతో పోటీకి వెళ్లినవాడు కొయ్యబారకపోతేనే వింత. కిహోన్‌కు కేటాయించిన 15 నిమిషాల్లో 24 మందీ కదులుతారు గనుక అవి నిజంగానే 15 నిమిషాలు. కాబట్టి పట్టిక వేసేటప్పుడు ఒక్కొక్క విద్యార్థి కదిలే నిమిషాలను లెక్కపెట్టండి, మీరు మాట్లాడే నిమిషాలను, వాళ్లు కూర్చునే నిమిషాలను పక్కన పెట్టండి. నేను ఒకసారి నా క్లాసును అలా కొలిపించుకుని రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ మూడూ మూడు పాఠ్యాంశాలని, ఒకదానికి పెడితే మరొకదానికి కోత పడుతుందని మీరు అనుకుంటున్నారు. కరాటే పుట్టిన ఒకినావా దీవుల్లో పాతకాలపు గురువులు కొద్దిపాటి కటాలనే ఏళ్ల తరబడి చేయించేవారు. ఒక కటాకు మూడేళ్లు అన్న మాట అక్కడిదే. 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో ఇతోసు అంకో అనే ఆయన బడి పిల్లలకు నేర్పడం కోసం పినాన్ పేరుతో 5 చిన్న కటాలు కూర్చారు. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శన ఇచ్చి అక్కడే స్థిరపడిన ఫునాకోషి గిచిన్ వాటికే హేయాన్ అని పేరు మార్చారు. జపాన్ విశ్వవిద్యాలయాల్లో పదులకొద్దీ విద్యార్థులను వరుసల్లో నిలబెట్టి నేర్పవలసి వచ్చినప్పుడు, ఈ కిహోన్, కటా, కుమితే అనే మూడు గదుల పద్ధతి గట్టిపడింది. అది బోధన సౌకర్యం కోసం కట్టిన గోడ. మన అవసరానికి దానిలో తలుపు పెట్టుకుంటే ఎవరూ కాదనరు.

ఉదాహరణకు మీ విద్యార్థిని గారి ఫిర్యాదునే తీసుకోండి. హేయాన్ షోదాన్‌లో ఉన్నవి 21 కదలికలు. వాటిలో నాలుగవది ఏమిటో గుర్తు చేసుకోండి: కుడివైపుకు తిరిగి గెదాన్ బరాయ్ (చేతిని కిందికి ఊపి అడ్డుకోవడం) చేసిన వెంటనే, ముందున్న కుడికాలిని వెనక్కి లాక్కుంటూ, అదే చేతిని గుండ్రంగా తిప్పి పిడికిలి అడుగుభాగంతో సుత్తిలా కొడతాము. ఎవరో మణికట్టు పట్టుకుంటే విడిపించుకుని తిరిగి కొట్టడమని దానికి అందరూ చెప్పే అర్థం. అంటే ఆవిడ ఎనిమిది నెలలుగా తన చేతిని విడిపించుకుంటూనే ఉన్నారు, పట్టుకునే మనిషి మాత్రం లేడు.

కనుక ఒక నెలకు ఒక కటాను, ఒక వారానికి ఆ కటాలో నాలుగైదు కదలికలను ఎంచుకోండి. ఆ వారం కిహోన్‌లో ఆ కదలికలు తప్ప మరేమీ వద్దు. గెదాన్ బరాయ్, తెత్సుయ్ (ఆ సుత్తి దెబ్బ), ఓయ్-జుకి (అడుగు ముందుకు వేస్తూ కొట్టే పంచ్), అంతే. తర్వాత ఆ భాగాన్నే కటాగా చేయించండి. తర్వాత జతలుగా నిలబెట్టి ఒకరు మణికట్టు పట్టుకోవాలి, మరొకరు అదే కదలికతో విడిపించుకోవాలి. చివరికి అదే దూరం నుంచి, అదే పంచ్‌తో, నెమ్మదిగా కుమితే. నలుగురు మనుషులకు నాలుగు కూరలు వండటానికి బదులు ఒకే పప్పును ఒకరికి ముద్దపప్పుగా, ఒకరికి పప్పుచారుగా పెట్టడం వంటిది ఇది. కిహోన్‌కు 15, కటాకు 15 అని విడివిడిగా రాసుకోనక్కరలేదు. మొత్తం 40 నిమిషాలూ ఒకే దారిలో నడుస్తాయి, గురువారం రానివాడు శనివారం వచ్చినా అదే దారిలో కలుస్తాడు.

ఇంటికి పంపవలసినది ఒక్కటే: రోజుకు ఒక్కసారి ఒక్క కటా. హేయాన్ షోదాన్‌కు నిమిషం కూడా పట్టదు. అంతకు మించి చెబితే పిల్లలు ఏదీ చేయరు. వాళ్ల అమ్మానాన్నలకు వాట్సాప్‌లో ఎన్ని సందేశాలు పెట్టినా సరే, నేను అన్నీ చూసే చెబుతున్నాను.

జవాబు 2
(చాంద్రాయణగుట్ట నుంచి, మొదట కుస్తీ, తర్వాత జూడో)

పెద్దలు పైన చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక విషయంలో వాదించదలచుకున్నాను. పట్టుకున్నవాడు ముందే ఒప్పుకుని చేతిని వదిలేస్తే అది కటాకు రెండో మనిషిని చేర్చడమే అవుతుంది, అంతకంటే ఏమీ నేర్పదు. మా తాలీమ్‌లో (కుస్తీ సాధన చేసే చోటు) మట్టిలోకి దిగిన మొదటి రోజునే ఉస్తాద్ నాతో, ఎదుటివాడు ఒప్పుకోనంతవరకే అది పట్టు అన్నారు. ఆ మాట జూడోలోకి వచ్చాక ఇంకా బాగా అర్థమయింది. 1882లో కోదోకాన్ అనే జూడో పాఠశాల స్థాపించిన కానో జిగోరో, జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్యలోని ప్రమాదకరమైన దెబ్బలను, విరుపులను కటాలో భద్రపరచి, పూర్తి బలంతో చేసినా ఎముకలు విరగని వాటిని రందోరీ అనే స్వేచ్ఛాభ్యాసానికి ఉంచారు. అందువల్ల జూడో విద్యార్థి ప్రతి రోజూ, ఒప్పుకోని మనిషి మీద తన విద్యను పరీక్షించుకోగలుగుతాడు.

మీరు కూడా మణికట్టు పట్టును మూడు మెట్లుగా చేయించండి. మొదటి వారం పట్టుకున్నవాడు గట్టిగా పట్టుకుంటాడు గానీ కదలడు. రెండవ వారం పట్టుకుని లాగుతాడు. మూడవ వారం లాగుతూ, రెండో చేత్తో భుజం మీద తోస్తాడు. మూడవ మెట్టులో సగం మందికి కటాలో నేర్చిన కదలిక పనిచేయదు, ఆ పని చేయకపోవడమే పాఠం: కాలు వెనక్కి ఎందుకు లాక్కోవాలో, నడుము ఎందుకు తిప్పాలో అప్పుడు వాళ్లే అడుగుతారు. మీరు వరుస ముందు నిలబడి నెలరోజులు అరిచినా రాని నడుము కదలిక ఆ ఒక్క సాయంత్రంలో వస్తుంది.

వార్మప్‌కు 12 నిమిషాలు ఎందుకో నాకు అర్థం కాలేదు. కుస్తీలో పట్టు సాధన ఒక పూట, దండీలు బస్కీలు మరో పూట, ఎందుకంటే అక్కడ రెండు పూటలు ఉన్నాయి. మీకు ఉన్నది గంట. దండీలు, బస్కీలు మనిషి ఒంటరిగా తన గదిలో చేసుకోగలడు, మనిషిని పట్టుకోవడం మాత్రం గదిలో ఒంటరిగా చేయలేడు. క్లాసులో ఉన్న అత్యంత విలువైన వస్తువు ఎదుటివాడి శరీరం, దానిని గోడ వారగా కూర్చోబెట్టకండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రతిఘటన పెంచే కొద్దీ తలకు దెబ్బలు తగిలే అవకాశం పెరుగుతుంది. పిల్లలకు తల మీద తాకిడి పూర్తిగా మానేయండి, పెద్దవాళ్లకు గమ్ షీల్డ్ (పళ్ల రక్షణకు నోట్లో పెట్టుకునేది) తప్పనిసరి చేయండి. ఎవరికైనా తల తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినట్టు అనిపించినా, మాట తడబడినా ఆ రోజుకు వాళ్లను ఆపేసి వైద్యుడికి చూపించాలి. "ఏం కాలేదు మాస్టారూ" అని పిల్లవాడు ఎంత గట్టిగా చెప్పినా మళ్లీ ఆడనివ్వకూడదు.

జవాబు 3
(కూకట్‌పల్లి నుంచి, 36వ ఏట కరాటే మొదలుపెట్టిన ఉద్యోగిని)

మీ క్లాసులో చెయ్యి పట్టుకోలేదని అడిగిన ఆవిడ తరఫున నాలుగు మాటలు రాయాలనిపించింది, ఎందుకంటే ఆమె స్థానంలో నేను మూడేళ్లుగా ఉన్నాను.

వార్మప్ ఇంట్లో చేసుకుని రమ్మని చెప్పడం తేలిక. నేను రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి, కూకట్‌పల్లిలో దిగి, బూట్లు విప్పి నేరుగా హాలులోకి వస్తాను. పగలంతా కుర్చీలో కూర్చున్న నడుముతో ఆ వెంటనే గట్టిగా కిక్ వేస్తే ఏమవుతుందో మొదటి నెలలోనే అనుభవించాను, తొడ వెనక కండరం పట్టేసి రెండు వారాలు మెట్లు ఎక్కలేకపోయాను. వార్మప్ ఉండాలి, కాకపోతే దానికి వేరే వ్యాయామం అక్కరలేదు. మా మాస్టారు ఈ మధ్య పరుగు, గెంతులు తీసేసి, ఆ రోజు చేయబోయే కదలికలనే మొదట నెమ్మదిగా, తక్కువ ఎత్తులో, తర్వాత మామూలు వేగంతో చేయిస్తున్నారు. 7 నిమిషాల్లో చెమట పడుతుంది, అప్పటికే కిహోన్ సగం అయిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఏ నిమిషంలో వచ్చినా వెనక వరుసలో కలిసిపోవచ్చు.

ఆరోగ్యం కోసం చేరే మాలాంటి వాళ్ల లెక్క కూడా చెబుతాను. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మీ క్లాసు వారానికి 180 నిమిషాలు కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ వంతు కోసం నిలబడటం, బెల్టు సరిచేసుకోవడం, మాస్టారు పిల్లలను మందలిస్తుంటే చూస్తూ ఉండటం తీసేసి నేను ఒక వారం చేతి గడియారంతో కొలిస్తే నా వాటా 85 నిమిషాలే తేలింది. మొదటి జవాబు రాసిన మాస్టారు గారు రెండు రోజులు మాట్లాడలేకపోయారని చదివి నవ్వుకున్నాను. మా మాస్టారికి ఈ అంకె నేను ఇంకా చెప్పలేదు.

ఇక ఆత్మరక్షణ. మణికట్టు విడిపించుకోవడం మంచిదే, కానీ ఆత్మరక్షణ అంతా అక్కడే ఉందని మీ విద్యార్థిని గారు అనుకోకుండా చూడండి. గొంతు పెద్దది చేసి "వద్దు" అని అరవడం నాకు అన్నిటికంటే కష్టమనిపించింది. కియాయ్ (దెబ్బతో పాటు పెట్టే కేక) అంటే పిల్లలు ఇల్లెగిరిపోయేలా అరుస్తారు, పెద్ద ఆడవాళ్లం మాత్రం సిగ్గుతో గొంతులోనే మింగేస్తాము. వెనక్కి తగ్గుతూ రెండు చేతులూ ముందుకు చాచి దూరం ఉంచుకోవడం, పారిపోవడానికి దారి ఎటు ఉందో చూసుకోవడం, 100 కానీ 112 కానీ నొక్కడం, 2014 నుంచి ఈ నగరంలో మహిళల రక్షణకు షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయని గుర్తుంచుకుని ఫిర్యాదు చేయడం, ఇవన్నీ కూడా అందులో భాగమే. వీటికి ప్రతి క్లాసులోనూ సమయం అక్కరలేదు. రెండు నెలలకు ఒక శనివారం పూర్తిగా ఇస్తే చాలు.

మరో మనవి. మీ 9 మంది పెద్దవాళ్లను పదేళ్ల పిల్లలతో జతకట్టకండి. పిల్లవాడికి దెబ్బ తగులుతుందేమోనన్న భయంతో మాకు ఏదీ గట్టిగా చేయడం రాదు, మా మోకాళ్ల దగ్గర తిరిగే ఆ పిల్లవాడికి దూరం అంచనా వేయడం రాదు.

జవాబు 4
(యూసఫ్‌గూడ నుంచి, పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు, పోటీల్లో రెఫరీ)

కొయ్యబారిపోయిన అబ్బాయి గురించి ఎవరూ గమనించని ఒక సంగతి ఉంది. ప్రపంచ కరాటే సమాఖ్య నిబంధనల ప్రకారం పోటీ బరి 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు 690 చదరపు అడుగులు. మీ హాలు మొత్తం 600 చదరపు అడుగులు. మీ క్లాసంతా పట్టే చోటు కంటే పెద్ద బరిలో ఆ అబ్బాయిని ఒక్కడినీ నిలబెట్టారు. అంత ఖాళీలో ఎదుటివాడు రెండడుగులు వేస్తే అవి ఎంత దూరమో వాడికి ఎలా తెలుస్తుంది? నెలకు ఒక్క ఆదివారం ఉదయం ఎండ రాకముందే ఏదైనా ఆటస్థలానికి తీసుకెళ్లి, సుద్దపొడితో 8 మీటర్ల చదరం గీసి, అందులో కేవలం కాళ్ల కదలిక చేయించండి. దెబ్బలు లేని ఆట ఆడించినా ఫరవాలేదు, ఒకరి భుజం ఒకరు తాకే ఆట చాలు.

తల ఎత్తు కిక్ గురించి అడిగిన తండ్రి గారికి పోటీ నిబంధనలే జవాబు చెబుతాయి. తలకు సరిగ్గా వేసిన కిక్‌కు 3 పాయింట్లు, పొట్టకు, వీపుకు వేసిన కిక్‌కు 2, పంచ్‌కు 1. 3 అన్న అంకె చూసి తల్లిదండ్రులందరూ కాలు ఎంత ఎత్తు లేస్తోందో చూస్తారు. నేను రెఫరీగా కూర్చున్న పిల్లల ఆటల్లో ఎక్కువ భాగం పంచ్‌లతోనే తేలిపోయాయి. ఆ అబ్బాయికి ప్రస్తుతం నడుము ఎత్తు కిక్ దూరం చూసుకుని వేయడం వస్తే చాలు. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చివర, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు చేయించండి. ఒకే భంగిమలో నిమిషానికి పైగా పట్టి ఉంచే సాగదీతలను గట్టి కిక్‌లకు ముందు చేయిస్తే కాలి జోరు కొంత తగ్గుతుంది. క్లాసులోని 3 నిమిషాలు దీనికి చాలవు, నిజమే. రాత్రి టీవీ ముందు కూర్చున్నప్పుడు కాళ్లు చాపుకుని చేసుకోదగినది ఇదొక్కటే గనుక దీనిని నిస్సంకోచంగా ఇంటికి పంపండి.

మొదటి జవాబులోని పద్ధతికి చిన్న సవరణ. 1979లో షే, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో, ఒకే పనిని వరుసగా చేసి తర్వాతి దానికి వెళ్లినవారు సాధన సమయంలో మెరుగ్గా కనిపించారు, పనులను కలగాపులగంగా చేసినవారు సాధనలో తడబడినా తర్వాతి పరీక్షలో ఎక్కువ గుర్తుంచుకున్నారు. కాబట్టి తెల్ల బెల్టు పిల్లలకు ఒకే కదలికను వరుసగా చేయించండి, వాళ్లకు ఇంకా ఆకారమే రాలేదు. రెండేళ్లు దాటినవారికి మాత్రం గెదాన్ బరాయ్‌ను 20 సార్లు వరుసగా కాకుండా, ఏది వస్తుందో ముందుగా తెలియకుండా మార్చి మార్చి పిలవండి. క్లాసు గజిబిజిగా కనిపిస్తుంది, చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు నచ్చదు. తట్టుకోవాలి.

పై స్థాయి ఆటగాళ్లు అన్నిటినీ సమంగా చేస్తారన్న అపోహ కూడా వద్దు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కటాకు, కుమితేకు వేర్వేరు పతకాలు ఇచ్చారు. పురుషుల కటాలో స్వర్ణం గెలిచిన ఒకినావా వాసి కియూనా ర్యో కటాకే అంకితమైన ఆటగాడు. ఆ స్థాయిలో ఎంచుకుంటారు. మీ హాలులో ఎంచుకోవలసిన అవసరం ఇంకా రాలేదు.

ప్రశ్న అడిగినవారి నుంచి
(ఆరు వారాల తర్వాత)

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. మీరు చెప్పినవాటిలో వీలైనవి చేసి చూశాను. అన్నీ ఫలించలేదు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కిహోన్, కటా, కుమితేలకు విడి నిమిషాలు తీసేశాను. నాలుగు వారాలు హేయాన్ షోదాన్ ఒక్కటే తీసుకుని, మణికట్టు పట్టును మూడు మెట్లుగా చేయించాను. పిల్లలకు ఇది ఎంత నచ్చిందంటే, హాజరు వేస్తుండగానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లాగుకుంటున్నారు. ఆ విద్యార్థిని గారు మూడవ మెట్టులో విడిపించుకోలేక, చివరికి ఎదుటి ఆవిడ కాలి వేళ్లు తొక్కి బయటపడ్డారు. కటాలో అలాంటి కదలిక లేదని ఎదుటి ఆవిడ అభ్యంతరం చెబితే, నేను ఏం తీర్పు ఇవ్వాలో తెలియక ఇద్దరికీ నమస్కారం పెట్టించాను.

కుమితేకు ఆరు జతలు ఒకవైపు, మిగిలిన ఆరు జతలు మరోవైపు ప్యాడ్ల మీద, రెండు నిమిషాలకు ఒకసారి మార్పు. ఇప్పుడు ఒక్కొక్కరికీ క్లాసుకు 4 నిమిషాల కుమితే, మరో 4 నిమిషాల ప్యాడ్ సాధన వస్తున్నాయి. కొయ్యబారిన అబ్బాయి ఇప్పుడు వెనక్కి అడుగు వేస్తున్నాడు. ముందుకు ఇంకా వేయడం లేదు.

నష్టం కూడా జరిగింది. వరుసల్లో కిహోన్ తగ్గించిన మూడు వారాలకే వెనక్కి లాగవలసిన చెయ్యి నడుము దగ్గరకు రావడం మానేసింది, జెంకుత్సు-దాచిలో (ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడే భంగిమ) వెనక మోకాలు వంగిపోవడం మొదలైంది. జతల సాధన ఉత్సాహంలో ఉన్నప్పుడు ఇవి నా కంటికి కనబడలేదు, ఒక తల్లి గారు తీసిన వీడియోలో చూసి గతుక్కుమన్నాను. కాబట్టి ప్రతి క్లాసులో 8 నిమిషాలు పాత పద్ధతి కిహోన్‌ను, ఎదురుగా నిలబడి ఒక్కొక్కరినీ సరిదిద్దుతూ, తిరిగి పెట్టాను. ఇంటి కటా విషయంలో మాస్టారు గారు చెప్పిందే జరిగింది: 15 మంది పిల్లల్లో రోజూ చేస్తున్నవారు ముగ్గురు, వారిలో ఇద్దరు అన్నాచెల్లెళ్లు.

ఆదివారం ఆటస్థలానికి ఒక్కసారే వెళ్లగలిగాము. క్రికెట్ ఆడేవాళ్లతో స్థలం కోసం బేరమాడి గీసిన చదరంలో సగం వాళ్ల పిచ్‌లోకి వెళ్లింది. నాలుగు నెలలకు ఒకసారి జరిపే బెల్టు టెస్టును ఈసారి ఒక నెల వాయిదా వేశాను, దాంతో ఇద్దరు పిల్లలు వేరే క్లాసుకు మారిపోయారు. వచ్చే నెల తర్వాతి కటా అయిన హేయాన్ నిదాన్‌కు వెళ్లాలా, షోదాన్‌లోనే ఇంకొన్నాళ్లు ఉండాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు 1 రాసినవారి నుంచి

నిదాన్‌కు తొందరేమీ లేదు బాబూ. వచ్చే నెల షోదాన్‌నే ఎడమ కుడి తారుమారు చేసి చేయించండి, మొదటి అడుగు కుడివైపుకు తిరిగి, కుడిచేతి గెదాన్ బరాయ్‌తో. నాలుగవ కదలికలో ఎడమచేతిని విడిపించుకోవలసి వస్తుంది, అప్పుడు మీ కటా మొనగాళ్లు కూడా తెల్ల బెల్టుల పక్కన నిలబడి దారి వెతుక్కుంటారు. కాలి వేళ్లు తొక్కిన ఆవిడకు నా తరఫున నమస్కారం చెప్పండి. ఆమెకు జతగా నిలబడేవారిని మాత్రం బూట్లు వేసుకోమనండి.